కొండవాని వంశమునకు కాగితమొక్కటియే సాక్షియా?

దక్షిణాఫ్రికాలోని డర్బను నగరమున నాలుగైదు తరములుగా స్థిరపడియున్న యొక తెలుగు కుటుంబము తన పూర్వులు పుట్టిన యూరేదో తెలిసికొనదలచినచో, ఆ మార్గము కఠినమైనదే కాని మూసికొనిపోయినది కాదు. ముందుగా ఇంటనున్న వృద్ధులను అడుగవలెను. వారు చెప్పిన పేరును పట్టుకొని తాతగారి మరణ ధ్రువపత్రమును, ఆయన వివాహపు నమోదును వెదకవలెను. ఆ పత్రములలో నేదో యొక మూల, పేరు ప్రక్కనో క్రిందనో, ఒక సంఖ్య కనబడును. చెరకుతోటలకు కూలిగా వచ్చిన ప్రతి మనుష్యునికిని డర్బను గల నేటాలు సీమ ప్రభుత్వము వేసిన కాలనీ సంఖ్య యది. ఆ సంఖ్య చిక్కినచో ఓడపట్టిక చిక్కును. ఓడపట్టిక చిక్కినచో మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, తుదకు మోకాలిమీది మచ్చయు నొసటిమీది గాయపు గుర్తును సైతము చిక్కును. నూటయేబది యేండ్ల క్రిందట ఊరు విడిచిన యొక నిరక్షరాస్యుని దేహమునందలి మచ్చలు నేడు ఆతని మునిమనుమరాలికి తెలియుచున్నవనగా అది సామాన్యమైన విషయము కాదు.

1860 అక్టోబరులో మద్రాసు రేవు విడిచి నవంబరు 16వ తేదీన డర్బను చేరిన ట్రూరో ఓడ మొదలుకొని 1911 వరకు నేటాలునకు ఇట్లు చేరినవారు 1,52,000 మందికి పైబడినవారు. అందు అధికసంఖ్యాకులు మద్రాసులో ఓడ యెక్కినవారే. వారి పట్టికలను డర్బనులోని గాంధీ-లుథూలీ ప్రలేఖన కేంద్రమువారు కంప్యూటరునకెక్కించిరి. ఫిజీ దీవులకు 1879 నుండి 1916 వరకు పోయిన అరువదివేల పైచిలుకు జనులలో ఒక్కొక్కరికిని ఒక్కొక్క వలసపత్రము ఉండెను. 1903 నుండి మద్రాసు ఓడలు కూడ అచ్చటికి పోవుటచే మనవారి పత్రములును అందు గలవు. వానియందు ఊరితోపాటు ఇంటివద్ద విడిచివచ్చిన దగ్గరి బంధువు పేరు కూడ వ్రాయబడియుండును. మారిషసునకు 1834 నుండి పోయినవారు నాలుగున్నర లక్షలు. 1860వ దశకము నుండి ఆ ప్రభుత్వము కూలీల ఛాయాచిత్రములను కూడ తీయింపజొచ్చెను. ఆ పుస్తకములిప్పుడు అచ్చటి మహాత్మా గాంధీ సంస్థవారి రక్షణలో నున్నవి. కూలీలు దిగిన రేవుమెట్లు, ఆప్రవాసీ ఘాట్ అనునది, 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది.

ఈ వెదకులాటలో చిక్కులు లేకపోలేదు. తమిళము కాని తెలుగు కాని తెలియని గుమాస్తా చెవికి సోకినట్లు వ్రాసికొన్న పేర్లవి. తండ్రి పేరు కొడుకునకు ఇంటిపేరై కూర్చుండుటయు, నాయుడని వ్రాయించుకొన్నవారందరును ఒకే కులమువారు కాకపోవుటయు మరియొక చిక్కు. అయినను అప్పలసామి యను ఇంటిపేరు కనబడినచో ఉత్తరాంధ్రమువాడెవ్వడును సంశయింపడు. సింహాచలమునందలి అప్పన్న సముద్రము దాటి వెళ్లిన భక్తులను తన పేరుతోనే గుర్తుపెట్టియుంచినాడు. ఇక జిల్లా విషయము. పట్టికలో విజగపటము అని యున్నచో అది నేటి విశాఖపట్టణము మాత్రమే యనుకొని బయలుదేరిన డర్బను వాసి అనవసరముగా తిరుగును. ఆనాటి విజగపటము జిల్లా జయపురపు జమీనులతో కలిసి కోరాపుటు వరకు వ్యాపించియుండెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా యేర్పడినప్పుడు ఆ కొండభాగము అటుపోయెను. 1950లో శ్రీకాకుళము, 1979లో విజయనగరము వేరుపడెను. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా, దానితోపాటు అనకాపల్లియు, పార్వతీపురం మన్యమును పుట్టెను. అందుచే 1890 నాటి కాగితములోని ఒక్క జిల్లాపేరునకు నేడు రెండు రాష్ట్రములలో వెదుకవలసియుండును.

ఇంత శ్రద్ధగా తోటల దొరలు ఏల వ్రాయించిరి? ప్రేమచే కాదు. ఒప్పందపు కూలి పారిపోయినచో పట్టుకొనుటకు మచ్చ కావలెను. ఒకని బదులు మరియొకడు రాకుండుటకు తండ్రి పేరు కావలెను. చచ్చినచో లెక్కలోనుండి తీసివేయుటకు సంఖ్య కావలెను. పశువునకు వేసిన ముద్ర వంటి ముద్రయే యది. కాని చరిత్ర యొక్క వక్రగతి యేమనగా, మనుష్యుని దాసునిగా చేసిన ఆ పుస్తకమే నేడు ఆతని సంతానమునకు వంశచరిత్ర నిచ్చుచున్నది. స్వేచ్ఛగా స్వగ్రామమున మిగిలినవానికి అట్టి పుస్తకము లేనే లేదు. నేను విన్నవింపదలచిన వ్యాజ్యమంతయు ఈ రెండవవానిని గూర్చియే.

మనకు జనాభా లెక్కలున్నవి కదా యని కొందరందురు. మద్రాసు రాజధానిలో 1871లోను, దేశమంతట ఒక్కసారిగా 1881లోను ప్రారంభమైన ఈ గణన ప్రపంచములోని మహాకార్యములలో నొకటియని నేనును ఒప్పుకొందును. కాని అది వంశావళికి ఎందులకును పనికిరాదు. ఇంగ్లండులో 1921 నాటి జనాభా కాగితములను నూరేండ్లు గడచిన పిదప 2022 జనవరిలో ప్రజలయెదుట పెట్టిరి. అమెరికాలో 1950 నాటి కాగితములను డెబ్బదిరెండేండ్ల గడువు తీరగనే 2022 ఏప్రిల్ 1న తెరచిరి. కావుననే ఐర్లండు నుండియో ఇటలీ నుండియో పోయి న్యూయార్కులో దిగినవాని మనుమడు తన తాత యే వీథిలో, ఎవరితో, ఏ వయస్సున కాపురముండెనో ఒక్క పూటలో తెలిసికొనగలడు. మన దేశమున ఇండ్లవారీగా వ్రాసిన ఆనాటి కాగితములను మొత్తములు కట్టిన వెనుక నిలువ యుంచలేదు. మిగిలినవి అంకెలు, పేర్లు కావు. పైగా 1948 నాటి జనగణన చట్టము ప్రకారము ఆ కాగితములను చూచు హక్కు ఎవరికిని లేదు. న్యాయస్థానమున అవి సాక్ష్యముగను చెల్లవు. ఈ గోప్యతను నేను తప్పుపట్టను. ఇంటికి వచ్చిన గణకునితో జనులు నిజము చెప్పవలెనన్నచో ఆ నిజము రేపు తమ మెడకు చుట్టుకొనదను భరోసా ఉండవలయును. కాని గోప్యత కొఱకు పేర్లను విడిచిపెట్టిన ప్రభుత్వము, ఆ పేర్లకు కాగితము చూపుమని పౌరుని నిలదీయుట మాత్రము న్యాయము కాదు.

1901లో మద్రాసు రాజధాని జనాభా లెక్కలను జరిపించిన డబ్ల్యు. ఫ్రాన్సిస్ దొరయే 1907లో విజగపటము జిల్లా గెజిటీరును వ్రాసెను. ఆయనయు, ఆయన వెనుక 1909లో ఏడు సంపుటముల గ్రంథము వెలువరించిన థర్‌స్టను దొరయు మన కొండజాతులను గూర్చి పుటలకు పుటలు నింపిరి. గదబలు ధరించు ఇత్తడితీగ చెవికమ్మలు, పోర్జల వివాహ విధులు, ఖోండుల పూజలు అన్నియు అందు గలవు. ఒక్క కుటుంబపు పేరును లేదు. జాతి యెల్ల చిత్రపటమైనది, మనిషి మాత్రము మాయమైనాడు. మైదానపు పల్లెలలో మునసబు చేతిలో జనన మరణముల పుస్తకము ఒకటుండెను. మద్రాసు రాజధానిలో దానికై 1899 నాటి చట్టమును ఉండెను. కొండలలో ముఠాదారు ఉండెను. ఆతనికి కావలసినది శిస్తు, పురిటి వార్త కాదు.

కొండవారు మాత్రము వలస పోలేదా? పోయిరి. అయితే ఓడలెక్కినవారిలో మైదానపు జనులు హెచ్చు. కొండవారిని హెచ్చుగా కొనిపోయినది అస్సాము తేయాకు తోట. గంజాము, విజగపటము కొండలనుండి కూలీలను కూర్చు సర్దారుల వెంట పోయిన శవరలు, ఖోండులు అచ్చటనే వంశములు పెంచుకొనిరి. నేడు అస్సాములో వెనుకబడిన తరగతులలో చేర్చబడిన తేయాకుతోటల కులముల పట్టిక చూచినచో శవరలు, ఖోండులు, తెలంగాలు అను పేర్లు కానవచ్చును. సీతంపేట కొండలలోని శవర అత్యంత వెనుకబడిన ఆదిమజాతిగా లెక్కకు వచ్చును. ఆతని పినతాత మనుమడు అస్సాములో షెడ్యూల్డు తెగవాడే కాడు. ఒకే రక్తమునకు రెండు రాష్ట్రములలో రెండు హోదాలు. షెడ్యూల్డు తెగ యను గుర్తింపు 1950 సెప్టెంబరు 6 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో రాష్ట్రమునకొక తీరుగా ముడివడియుండుటయు, సరిహద్దు దాటినవానితో ఆ హోదా వెంటరాదని 1990లో మఱ్ఱి చంద్రశేఖరరావు కేసున సుప్రీంకోర్టు చెప్పుటయు దీనికి కారణములు. ఆ కేసు కూడ ఆంధ్రదేశమునుండి బొంబాయికి పోయిన యొక కుటుంబపు కథయే.

అరకులోయలో ఈ హోదా విషయము నిత్యజీవితమున ఎదురగు సమస్య. మచ్చకుండము నది కటు ఇటు రాకపోకలు నిన్నమొన్నటివి కావు. గదబ, పోర్జ, ఖోండు, కోటియ కుటుంబములు పోడు కొఱకును, పెండ్లిండ్ల కొఱకును, ఆకలి వలనను కొండనుండి కొండకు తరలుచుండిరి. జలాపుటు ఆనకట్ట కట్టి 1955లో మచ్చకుండము విద్యుత్కేంద్రము నడిపించునప్పటికి నీటమునిగిన పల్లెలవారు మరికొందరు తరలిరి. 1936కు పూర్వము బయలుదేరినవారికి అది ఒక్క జిల్లాయే, లేదా ఒక్క అడవియే. చేరిన పిదప వారి వెనుక రాష్ట్రసరిహద్దు గీయబడినది. నేడు ముంచింగిపుట్టులోనో డుంబ్రిగుడలోనో పుట్టి పెరిగి కుల ధ్రువపత్రము కోరిన పిల్లవానిని పట్టుకొని నీ తాత ఎప్పుడు వచ్చెను, కాగితమేది యని యడుగుట, నిలుచుండి యున్నవాని కాలిక్రింద గీతగీచి నీవు గీత దాటితివనుట వంటిదే.

కాగితము లేదు సరే, వంశజ్ఞానము లేదా? ఆ లోయలో ఒక పూట కూర్చున్నవారికి దీనికి సమాధానము దొరకును. కొత్తవాడు ఇంటి అరుగెక్కగనే మొదట అడుగబడు ప్రశ్న పేరు కాదు, బొంసు. కిల్లో యన్నచో పులి వంశము, కొర్రా యన్నచో సూర్యవంశము, పాంగి గ్రద్ద, గొల్లోరి కోతి, వంతల నాగుపాము. ఒకే బొంసువారు అన్నదమ్ములు. వారిలో వారికి పెండ్లి పొసగదు. ఈ వంశములు ఒక్క తెగకు కట్టుబడినవి కావు. గదబలోను, పోర్జలోను కిల్లోలు గలరు. అరకులోను, కోరాపుటులోను గలరు. అందుచే కొత్తవాడు కిల్లో యని చెప్పి ఊరుకున్నచో చాలదు. ఏ యూరి కిల్లో, తల్లి యేయింటి ఆడపడుచు, మేనమామ యెవరు, ఎవరి పెండ్లికి ఎవరు వచ్చిరి యని ఒక్కొక్క మెట్టుగా దింపుకొనుచు పోయి, ఎక్కడో ఒక ముత్తాత దగ్గర రెండు కుటుంబములును కలిసికొన్న తరువాతగాని జీలుగు కల్లు దొప్ప చేతికి రాదు. అబద్ధమాడినవాడు రెండవ మెట్టుననే దొరకిపోవును. మన రెవెన్యూ విచారణలలో ఇంత నిశితమైన ప్రశ్నోత్తరము జరుగునని నేననుకొనను.

పేర్లను గూర్చి యొక మాట. వారములను బట్టి బిడ్డలకు పేరు పెట్టుట ఆ ప్రాంతపు వాడుక: సోమవారము పుట్టినవాడు సోమ్రా, మంగళవారపువాడు మంగ్లా, బుధవారపువాడు బుద్రా, శుక్రవారపువాడు సుక్రా, ఆడుబిడ్డలు సోంబారి, బుద్రి, గురుబారి, సుక్రి. పుట్టినవారము జన్మాంతము పేరులోనే మోయుచుండు ఆ మనిషిని మన కార్యాలయము పుట్టిన తేది చెప్పుమనును. ఆతడు చెప్పలేడు. ఆధారులో జనవరి 1 అని వేయబడును. బడిలో చేర్చుకొన్న పంతులుగారు జూను మాసమున ఏదో యొక తేది వేయును. రేషను కార్డులో బుద్రా, ఓటరు జాబితాలో బుద్రు, పట్టాదారు పుస్తకములో బుద్దన్న యగును. పిదప మూడు కాగితములలో మూడు పేర్లున్నవి గాన ముగ్గురును వేరువేరు మనుష్యులని త్రోసిపుచ్చుదురు. ఊరికి పదిమంది బుద్రాలుండుట నిజమే. కాని వారిలో ఏ బుద్రా ఎవడో ఊరిలోని చంటిపిల్లకు కూడ తెలియును.

మరణముల నమోదు కూడ లేకపోలేదు. గదబలు తమ మృతులకు చివరి కర్మగా, కొన్నేండ్ల కొకసారి, ఎనుములను తెచ్చి గోతరు అను పెద్ద ఉత్సవమును జరిపి, ఆ పోయినవారి పేర శిలలు నిలుపుదురు. శవరలు గ్వారు అను కర్మలో అట్లే రాళ్లు పాతుదురు. పోయిన పెద్దల పేరు మరల పుట్టిన బిడ్డకు వచ్చుట వారిలో ఆచారము. ఏ రాయి యెవరిదో చెప్పగల పెద్దలు ఇంకను గలరు. శవరల భాషకు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ సంగతులన్నియు ఎరిగినవారే. (జీవితాంతము గ్రాంథికముపై కత్తికట్టిన ఆ మహనీయుడు నా యీ వ్రాత చూచినచో మందలింపక మానరు, ఆయన పనిని మెచ్చుకొనుటకైనను ఆయన భాష నాకు పట్టుబడలేదు.) ఆయన వలె ఓపికతో కూర్చుండి విన్నవారు వేళ్లమీద లెక్కింపదగినంత మంది కూడ లేరు.

ఇప్పుడు మనకే తగిలిన యొక ఉదాహరణము చూతము. మన జనన మరణ నమోదు చట్టము 1969లో పుట్టి 1970 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దానికి పూర్వము పుట్టిన మైదానపు తెలుగువారిలో కూడ జనన ధ్రువపత్రము లేనివారే హెచ్చు. వారు పిల్లల వెంట అమెరికాకు శాశ్వతనివాసము కొఱకు దరఖాస్తు పెట్టుకొన్నప్పుడు అచ్చటి ప్రభుత్వమేమి చేయును? ఆ తేదీకి ముందు పుట్టినవారైనచో బడి ధ్రువపత్రమును అంగీకరించును. జనన నమోదు లభింపదని పురపాలకసంఘము వ్రాసియిచ్చినచో, పుట్టుక ఎరిగిన ఇద్దరు బంధువుల ప్రమాణపత్రములను గైకొనును. ఏడు సముద్రముల ఆవలి అధికారి గుంటూరులోని పిన్ని మాటను నమ్మును. పాడేరులోని అధికారి డుంబ్రిగుడ మేనమామ మాటను నమ్మడు. ఏటికేడు మన విమానాశ్రయములనుండి పోవు తల్లిదండ్రులలో ఎంతమంది ఇట్టి ప్రమాణపత్రముల బలముచే పోవుచున్నారో పాఠకులే తమ బంధువర్గములో అడిగి చూడవచ్చును.

నమ్ముటకు మనకు చట్టము అడ్డమా యన్నచో, అదియును కాదు. వంశసంబంధమును ఎరిగినవారి మాట 1872 నాటి సాక్ష్యచట్టమునందే సాక్ష్యముగా అంగీకరింపబడినది. అంతకంటెను స్పష్టమైనది అటవీ హక్కుల చట్టపు నిబంధనలలోని పదమూడవది. 2006 నాటి ఆ చట్టము క్రింద భూమి కోరు గిరిజనుడు చూపదగిన సాక్ష్యములలో ప్రభుత్వ దస్తావేజులతోపాటు బావులు, శ్మశానములు, పూజాస్థలములు వంటి పురాతన కట్టడములను పేర్కొనిరి. పూర్వపు నివాసులవరకు పోవు వంశావళిని పేర్కొనిరి. హక్కు కోరువాడు కాక ఇతర పెద్దలు చెప్పగా వ్రాసికొన్న వాఙ్మూలమును పేర్కొనిరి. గోతరు శిల, బొంసు వరుస, పెద్దల మాట, ఈ మూడును చట్టము గడప దాటి లోనికి వచ్చియే యున్నవి. అయితే ఎకరము అడవికి చెల్లు సాక్ష్యము అదే మనిషి కుమారుని కుల ధ్రువపత్రమునకు చెల్లదనుట యే న్యాయము? నాకు తోచిన సమాధానమొక్కటే: అలవాటు. కాగితము తెచ్చినవానిని పంపుట సులభము, మనిషిని వినుట కష్టము.

మోసము మాటేమని అడుగువారున్నారు; ఆ ప్రశ్న తీసివేయదగినది కాదు. కొండకాపు తెగ పేరిట మైదానపువారు పొందిన ధ్రువపత్రములను గూర్చి దశాబ్దములుగా వివాదములు నడచుచున్నవి. గిరిజన సంఘములే ముందుండి పోరాడుచున్నవి. కాని ఆ వివాదములను పరిశీలించినచో ఒక్క సంగతి తేటపడును. దొంగ ఎన్నడును వట్టి చేతులతో రాలేదు. సంపూర్ణమైన కాగితపు కట్టతోనే వచ్చెను. కాగితము పుట్టించుట తెలిసినవానికి కాగితము పరీక్ష కాదు. నలుగురెదుట గ్రామసభలో నిలిచి, నా బొంసు ఇది, నా మేనమామ వీడు, మా తాత రాయి అదిగో యని చెప్పి, కాదనుటకు అందరికిని అవకాశమిచ్చి నెగ్గవలసివచ్చినచో మైదానపు మోసగాడు ఆ కొండ యెక్కనే యెక్కడు.

కాగితము ఎక్కువైనను అంతే ప్రమాదము. సాలూరు మండలపు సరిహద్దున కొఠియా గ్రామములు ఇరువదియొకటి గలవు. వానిపై ఆంధ్రమునకును ఒడిశాకును ఉన్న తగవు 1968లో సుప్రీంకోర్టు కెక్కి నేటికిని తెగలేదు. అచ్చట ఒకే కుటుంబమునకు ఇరు రాష్ట్రముల రేషను కార్డులు, ఓటరు కార్డులు కలవు. అరకులో తాత పేరు ఎందును లేదని బాధ. కొఠియాలో మనుమని పేరు రెండుచోట్ల నున్నదని అనుమానము. ఇరువురి ముత్తాతలును ఒకే సంతకు పోయినవారే కావచ్చును.

2027 మార్చి 1 ప్రమాణదినముగా జరుగు జనాభా లెక్కలలో కులము కూడ అడుగబడుననియు, సమస్తమును ఫోనులలో నమోదగుననియు ప్రభుత్వము ప్రకటించినది. ఇక కొండవారి చరిత్ర తేలిపోవునని సంతసించువారు తొందరపడుచున్నారు. ముందే చెప్పినట్లు ఆ సమాచారము గోప్యము. ఏ బుద్రాకును అది ధ్రువపత్రము నీయదు. పైగా వంశపుస్తకము ఢిల్లీ చేతికి పోవుటకు నేను సమ్మతింపను. 1951 జనాభా లెక్కల కాగితములనుండి తీసి కట్టిన పౌరపట్టిక అస్సాములో ఆరు దశాబ్దముల తరువాత ఏ పనికి వచ్చెనో, 2019 ఆగస్టు 31న పందొమ్మిది లక్షల మందికి పైగా జాబితా వెలుపల నెట్లు నిలువవలసివచ్చెనో చూచితిమి. వ్రాయబడుట ఎప్పుడును మేలే యనుకొనుట అమాయికత. ఇచ్చుటకు వ్రాసిన పుస్తకము వేరు, వెలివేయుటకు వ్రాసిన పుస్తకము వేరు. ఆ భేదము పుస్తకము ఎవరి యధీనముననున్నదను దానిమీద ఆధారపడును.

అందుచే నా విన్నపము గ్రామసభకే ముందు. షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీల చట్టము 1996లోనే ఊరి సంప్రదాయమును కాపాడుకొను అధికారమును గ్రామసభకు ఇచ్చినది. ప్రతి గూడెమునను బొంసుల వారీగా, ఇంటింటి వంశావళిని, ఎవరు ఎచ్చటినుండి వచ్చిరో, ఎవరి రాయి ఎచ్చట నిలిచెనో, పెద్దలు చెప్పగా అచ్చటి ఆశ్రమపాఠశాల విద్యార్థులే వ్రాయవచ్చును. ఆదివాసీ ఒడియా తెలిసిన పిల్లలకు దుబాసీ అక్కరలేదు. తెలుగులిపిలో వ్రాసి సభలో చదివి, అభ్యంతరములు విని, పెద్దల వేలిముద్రలతో ఊరిలోనే ఉంచవలెను. పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ పుస్తకములకును, పిల్లల భోజనములకును డబ్బిచ్చి తప్పుకొనిన చాలును. ఎనుబదియేండ్ల వృద్ధులు వేచియుండరు గనుక ఈ పని జనాభా లెక్కలకు ముందే ఆరంభింపవలసినది.

విదేశములలోని తెలుగు సంఘములకును ఒక మాట. ఏటేట తిరునాళ్లవలె సభలు జరుపు ఆ సంఘములు నేటాలు, ఫిజీ, మారిషసు పట్టికలను గ్రామముల వారీగా కూర్చి, నేటి జిల్లాల పేర్లతో సరిచూపి, తెలుగులో అచ్చువేయించినచో సముద్రమునకు అటునున్నవారికిని ఇటునున్నవారికిని ఉపకారమగును. ఒక్క సభలో పూలదండలకగు వ్యయము దానికి చాలునేమో.

ఇక ప్రభుత్వమును కోరునది స్వల్పము. ఏడాది దాటిన జననమును నమోదు చేయింపగోరువాడు జిల్లా లేక డివిజను మేజిస్ట్రేటు ఉత్తర్వు తేవలెనని నేటి చట్టము. ఆ ఉత్తర్వు కొఱకు గ్రామసభ వంశపుస్తకమును, ఇద్దరు పెద్దల వాఙ్మూలమును ఆధారములుగా స్వీకరింపవలెనని మేజిస్ట్రేటులకు ఒక సూచన చేసి, వారే నెలకొకసారి సంతనాడు మండలమునకు పోవు ఏర్పాటు చేయవలెను. కుల ధ్రువపత్రముల విషయము అంతకంటెను సులభము. 1993 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము క్రింది నిబంధనలు రాష్ట్రప్రభుత్వము చేసినవే. అటవీ హక్కుల పదమూడవ నిబంధనలోని సాక్ష్యములను వానిలో చేర్చుటకు ఢిల్లీ అనుమతి అక్కరలేదు, అమరావతిలో ఒక సంతకము చాలును.